పానా పట్టే ముందు

“అన్నా, సైలెన్సర్ మార్చినప్పటి సంది బండి పటపటా కొడ్తాంది. పెద్ద జెట్టు ఎయ్యాల్నట గదా?”

జనగామలో హైవే పక్క షెడ్డయినా, మానుకోట బజారులో షెడ్డయినా, భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్ల దగ్గరి షెడ్డయినా మెకానిక్‌లు తరచూ వినే మాట ఇది. ఇందులో మూడు సంగతులున్నాయి. ఆ అబ్బాయి ఏం చేశాడు, బండి ఇప్పుడు ఏం చేస్తోంది, దానికి మందేమిటి. మొదటి రెండూ అతను కళ్లారా చూసినవి, చెవులారా విన్నవి. మూడోది ఎవరో చెప్పింది. డబ్బు పోయేది ఆ మూడో సంగతి దగ్గరే. జెట్టు మారుస్తారు, తగ్గదు. ప్లగ్గు మారుస్తారు, తగ్గదు. ఫిల్టర్ డబ్బా తీసేసి గొట్టానికి చిన్న ఫిల్టర్ తగిలిస్తారు, ఇంకా ఎక్కువవుతుంది. ఆఖరికి కార్బురేటరే కొత్తది కొంటారు. బెండ్ పైపు మొదట్లో పాత ప్యాకింగే మళ్లీ వేయడం అసలు కారణమని అప్పటికీ ఎవరూ చూడరు.

సొంత సంపాదన మొదలైన కొత్తలో కుర్రాళ్లు ఇలా డబ్బు పోగొట్టుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది. వాళ్లకు తెలివి తక్కువై కాదు. చూసినదాన్నీ విన్నదాన్నీ వేరుచేయడం, ఒకసారికి ఒకటే మార్చడం, మార్చిన ప్రతిసారీ అదే రోడ్డు మీద అదే వేగంతో నడిపి చూడటం వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అంతే. ఈ అధ్యాయం ఆ అలవాటు గురించి. దాన్ని ఇంజిన్ మీదే నేర్చుకుందాం, ఎందుకంటే ఇంజిన్‌కు మొహమాటం లేదు. తప్పు మందు వేస్తే తప్పని వెంటనే చెబుతుంది.

గాలి ఎక్కువైతే ఏమవుతుంది

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే లెక్క ప్రకారం 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి అంతకు మించితే మిశ్రమం పలచబడినట్టు. షెడ్డులో దీన్నే లీన్ అంటారు. ఫుల్ రేజ్‌లో బరువు లాగేటప్పుడు ఇంజిన్ ఇంకా చిక్కటి మిశ్రమం కోరుతుంది, గ్రాముకు 12.5 నుంచి 13 గ్రాముల గాలి సరిపోతుంది. అప్పుడు అదనంగా వచ్చే పెట్రోల్ పిస్టన్ తలనూ వాల్వులనూ చల్లగా ఉంచే పని కూడా చేస్తుంది. బుల్లెట్, పల్సర్, స్ప్లెండర్ లాంటి గాలితో చల్లబడే బండ్లకు ఈ చల్లదనం ప్రాణం. అది అందక మానుకోట నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాకా వెనక మిర్చి బస్తాతో ఎండలో లాగిస్తే వాల్వు కాలడం, పిస్టన్ పట్టేయడం దాకా పోవచ్చు.

లీన్ మిశ్రమం నెమ్మదిగా, తడబడుతూ కాలుతుంది. గ్యాస్ పొయ్యి మీద గాలి ఎక్కువైనప్పుడు మంట బర్నర్‌ను వదిలి పైకి లేచి టప్పుమని ఆరిపోవడం మీరు చూసే ఉంటారు. సిలిండర్‌లోనూ అంతే, ఒక్కో స్ట్రోక్‌లో మంట అంటుకోదు. అప్పుడు బండి మిస్సింగ్ కొడుతుంది. పొద్దున చోక్ లాగనిదే స్టార్ట్ కాదు, చోక్ తీయగానే ఆగిపోతుంది. ఒకే రేజ్‌లో పట్టుకుని పోతుంటే ముందుకీ వెనక్కీ ఊగినట్టుంటుంది. సిగ్నల్ దగ్గర రేజ్ వదిలినా ఇంజిన్ వెంటనే దిగదు, కాసేపు పైనే వేలాడి మెల్లగా కిందికొస్తుంది. ఈ ఆఖరి గుర్తు నాకు అన్నిటికంటే నమ్మకమైనది. మిశ్రమం చిక్కగా ఉన్న బండి ఇలా వేలాడటం అరుదు. రేజ్ కేబుల్ బిగుసుకున్నా బండి ఇలాగే వేలాడుతుంది కాబట్టి ముందు కేబుల్ ఆట చూసుకోవాలి.

పైపు చేసిన పనెంత

ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేస్తే గాలి ఎక్కువ పోతుంది, కాబట్టి బండి లీన్ అవుతుంది అని అందరూ అంటారు. ఇది సగం నిజం. కార్బురేటర్ గొంతులో గాలి వేగం పెరిగితే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, ఆ మేరకు జెట్టులోంచి పెట్రోల్ కూడా ఎక్కువ లేస్తుంది. గాలి పెరిగితే పెట్రోల్ దానంతటదే చాలావరకు పెరిగేలాగే కార్బురేటర్‌ను తయారు చేశారు. అందుకే ఫిల్టర్ డబ్బా ముట్టుకోకుండా సైలెన్సర్ ఒక్కటే మారిస్తే మిశ్రమం కదిలేది కొద్దిగానే.

ఆ కొద్ది కదలికే ఎందుకు ఇబ్బంది పెడుతుందంటే, కంపెనీ సెట్టింగ్ ముందే అంచున ఉంటుంది. 2017 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-4 ప్రమాణాలు వచ్చాయి. పొగలో విషవాయువులు తగ్గించడానికి కార్బురేటర్ బండ్లన్నిటికీ స్లో రేజ్ దగ్గర పెట్రోల్ ఎంత తగ్గించగలరో అంత తగ్గించారు. అంచున నిలబెట్టిన దాన్ని పైపు ఒక చిన్న తోపు తోస్తుంది.

ఇక ఆ పటపట సంగతి. వేగంగా పోతూ ఒక్కసారి రేజ్ వదిలితే సిలిండర్‌లోకి సరిగా అంటుకోని మిశ్రమం పోతుంది. అది కాలకుండానే వేడి పైపులోకి వస్తుంది. అక్కడ దానికి కొత్త గాలి తగిలితే భగ్గుమంటుంది, అదే టప్ టప్ చప్పుడు. ఈ కొత్త గాలి కొన్ని బండ్లలో కంపెనీ పెట్టిన దారిలోనే వస్తుంది. పాత క్లాసిక్ 350తో సహా చాలా బండ్లలో పొగను శుద్ధి చేయడానికి ఫిల్టర్ వైపు నుంచి ఎగ్జాస్ట్ పోర్టులోకి గాలి పంపే చిన్న వాల్వు ఉంటుంది. అసలు సైలెన్సర్ లోపలి పలకలు ఆ చప్పుళ్లను మింగేసేవి. కొత్త పైపులో పలకలు లేవు, అందుకే ఇప్పుడు చెవిన పడుతోంది. కాబట్టి రేజ్ వదిలినప్పుడు మాత్రమే అడపాదడపా వచ్చే చప్పుడును చూసి జెట్టు కొనొద్దు. రేజ్ పట్టుకుని ఉండగా మిస్సింగ్, వేలాడే రేజ్, విపరీతమైన వేడి, వీటిలో ఏదైనా కూడా ఉంటేనే అది లీన్.

మీరు విప్పిన చోటే మొదట చూడండి

ఈ అధ్యాయంలో ఒక్క పేజీ మాత్రమే గుర్తుంచుకుంటానంటే ఈ పేజీ గుర్తుంచుకోండి. బండి నిన్నటిదాకా బాగుంది, ఇవాళ బాగాలేదు. మధ్యలో పానా పడిన చోటు ఒకటే, బెండ్ పైపు ఇంజిన్‌కు కలిసే చోటు. అనుమానం ముందు అక్కడికి పోవాలి.

అక్కడ ఒక ప్యాకింగ్ రింగు ఉంటుంది. దాన్ని ఒక్కసారి నలిగి ఆకారం పట్టేలా చేస్తారు. పైపు విప్పినప్పుడల్లా కొత్తది వేయాలి. చాలా షెడ్లలో పాతదే మళ్లీ వేసి నట్లు గట్టిగా బిగిస్తారు. బయటి మార్కెట్‌లో పంజాబ్, ఇండోరి, షార్ట్ బాటిల్ అంటూ అమ్మే పైపుల్లో కొన్నింటికి అంచు రింగు మందం కంపెనీ దానితో సరిపోదు. బయటికి బిగిసినట్టే కనిపిస్తుంది, లోపల వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఎగ్జాస్ట్ పైపులో ఒత్తిడి ఎప్పుడూ బయటికే తోయదు. ఒక్కో పొగ దెబ్బ తర్వాత ఒక క్షణం లోపలికి పీలుస్తుంది కూడా. ఆ పీల్పులో బయటి గాలి సందులోంచి లోపలికి పోతుంది, కాలని పెట్రోల్ అక్కడే అంటుకుంటుంది. మిశ్రమం సరిగానే ఉన్నా బండి లీన్ అయినట్టే ప్రవర్తిస్తుంది. మీరు పెద్ద జెట్టు వేస్తే కాలని పెట్రోల్ ఇంకా పెరుగుతుంది, చప్పుడూ పెరుగుతుంది.

చూసే పద్ధతి సులువు. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, పైపు వేడెక్కకముందే ఆ జాయింట్ చుట్టూ చేయి పెట్టండి. సన్నగా గాలి తగిలితే లీక్ దొరికినట్టే. చల్లగా ఉండగానే సబ్బు నీళ్లు పూసి స్టార్ట్ చేసినా బుడగలు చెబుతాయి. ఇంకొకరి సాయం ఉంటే మందపాటి తడి గుడ్డను సైలెన్సర్ మూతికి రెండు క్షణాలు ఒత్తి పట్టుకోమనండి. బిగువుగా ఉంటే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగబోతుంది. లీక్ ఉంటే ఆగదు, జాయింట్ దగ్గర బుస్సుమంటుంది. ఇవేవీ వద్దనుకుంటే నాలుగు రోజులు నడిపాక టార్చి వేసి చూడండి. లీక్ ఉన్న చోట సిలిండర్ హెడ్ మీద నల్లటి మసి గీత పడి ఉంటుంది.

బిగించేటప్పుడు ఒక నట్టు పూర్తిగా బిగించి రెండోది బిగించకండి. ఇటు కొంచెం, అటు కొంచెం, పైపు తిన్నగా కూర్చునేలా తిప్పాలి. సైలెన్సర్ వెనక క్లాంపులు వదులుగా ఉంచి ముందు హెడ్ దగ్గర కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే వెనకవి. వెనక ముందే బిగించేస్తే పైపు లాగుడు మీద ఉంటుంది, కొన్నాళ్లకు స్టడ్డు విరుగుతుంది. అల్యూమినియం హెడ్‌లో విరిగిన స్టడ్డు తీయించడమంటే ఖర్చుతో పాటు రెండు మూడు రోజులు బండి లేకుండా ఉండటం.

తర్వాత రెండో చోటు చూడాలి. పైపు మార్చేటప్పుడు కార్బురేటర్‌ను పక్కకు లాగడమో, వాక్యూమ్ గొట్టం ఊడదీయడమో జరిగి ఉండొచ్చు. కార్బురేటర్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే రబ్బరు మ్యానిఫోల్డ్ ఏళ్ల వేడికి పగుళ్లు పడుతుంది, కదిలిస్తే ఆ పగుళ్లు విచ్చుకుంటాయి. ఈ లీక్ నిజంగానే మిశ్రమాన్ని పలచన చేస్తుంది. స్లో రేజ్‌లో ఉంచి రబ్బరు చుట్టూ నీళ్లు చిమ్మండి. ఇంజిన్ చప్పుడు మారితే అక్కడే గాలి పడుతున్నట్టు. కొందరు ఈ పరీక్షకు పెట్రోల్ వాడతారు. వేడి సైలెన్సర్ పక్కన పెట్రోల్ చిమ్మడం ప్రాణాపాయం, దయచేసి ఎవరినీ చేయనివ్వకండి.

రోడ్డు మీద చదవడం

లీక్‌లు లేవని తేలాక మాత్రమే మిశ్రమం వైపు రావాలి. ఇక్కడ అన్నిటికంటే పనికొచ్చే పరికరం ఒక తెల్ల టేపు ముక్క. రేజ్ గ్రిప్ మీద ఒక గీత, పక్కనున్న స్విచ్ డబ్బా మీద వరసగా గీతలు పెట్టండి: మూసినప్పుడు, పావు, సగం, ముప్పావు, ఫుల్. బండి ఏ గీత దగ్గర తడబడుతోందో అదే కార్బురేటర్‌లో ఏ భాగం ఆకలితో ఉందో చెబుతుంది. మూసిన దగ్గర్నుంచి పావులోపు పైలట్ జెట్టుది. పావు నుంచి ముప్పావు దాకా సూదిది. ఆ పైన మెయిన్ జెట్టుది. స్లో రేజ్‌లో తడబడే బండికి మెయిన్ జెట్టు మార్చడం ఎందుకు వృథానో ఆ గీతలే చూపిస్తాయి.

మన మూడు ఊళ్ల రోడ్లు ఈ మూడు పరీక్షలకూ సరిపోతాయి. జనగామ నుంచి పెంబర్తి మీదుగా హైదరాబాద్ వైపు పోయే 163వ నంబర్ జాతీయ రహదారి మీద 60 కిలోమీటర్ల వేగం నిలకడగా పట్టుకోవచ్చు. అక్కడ బండి ఊగితే సూది. మానుకోట బజారులో ఆగుతూ కదులుతూ పోవాలి, పైలట్ జెట్టు లోపం అక్కడ దాగదు. భూపాలపల్లి వైపు పరకాల రోడ్డు మీద బొగ్గు లారీలను దాటాలంటే ఫుల్ రేజ్ కావాలి, మెయిన్ జెట్టు తక్కువైతే సరిగ్గా అప్పుడే పికప్ చచ్చిపోతుంది. అయితే ఆ పరీక్షను లారీల మధ్య చేయకండి. ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేరులో కొద్ది సేపు చాలు. ఒకే ఊళ్లో తిరిగే మనిషి తన బండిలోని లోపాల్లో ఒకదాన్నే చూస్తాడు. మానుకోట మిత్రుడు పైలట్ జెట్టు మార్చుకుని బాగుపడ్డాడని భూపాలపల్లిలో అదే మారిస్తే ఎందుకు ఫలితం రాదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఊరితో పాటు కాలం కూడా లెక్కలోకి వస్తుంది. డిసెంబరు పొద్దున 15 డిగ్రీల గాలి, మే మధ్యాహ్నం 44 డిగ్రీల గాలి ఒకటి కాదు. వేడికి గాలి సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. కార్బురేటర్ ఆ తేడాలో సగమే సర్దుకోగలదు. ఎండాకాలం సైలెన్సర్ మార్చుకుని సంతోషంగా తిరిగిన బండి చలికాలం మొదటి షిఫ్టుకు బయలుదేరేటప్పుడు మొండికేసిందంటే కొత్తగా ఏదీ పాడవలేదు. వేసవి కప్పేసిన లోటు చలికి బయటపడింది. భూపాలపల్లిలో ఇంకొకటి చూడాలి. బొగ్గు దుమ్ముతో ఫిల్టర్ పూడుకుపోయిన బండికి గాలి తక్కువై మిశ్రమం చిక్కబడుతుంది, లీన్ లోపం దాని వెనక దాక్కుంటుంది. సర్వీసింగ్‌లో ఫిల్టర్ మార్చగానే పటపట మొదలవుతుంది. మెకానిక్ ఏదో పాడుచేశాడనుకుంటారు. అతను చేసింది మంచి పనే. ఆ ఊళ్లో ఫిల్టర్ డబ్బా తీసేసి తిరగడం మాత్రం సిలిండర్‌లోకి బొగ్గుపొడి పోయడమే.

నమ్మదగని సాక్ష్యాలు

బెండ్ పైపు నీలం రంగు తిరిగితే లీన్ అని తేల్చేస్తారు. కంపెనీ బెండ్ పైపులు చాలావరకు రెండు పొరలవి, లోపలి పొర వేడెక్కినా బయటి మెరుగు చెడదు. బయట కొన్నవి తరచుగా ఒకే పొర. మిశ్రమం సరిగ్గా ఉన్నా అవి నీలం తిరుగుతాయి. కాబట్టి కొత్త పైపు నీలం రంగు ఒక్కటీ సాక్ష్యం కాదు. పైపు ఎర్రగా కాలుతుంటే మాత్రం బండి ఆపి తోసుకుపోండి.

ప్లగ్గు సంగతీ అంతే. ప్లగ్గు ఇటుక రంగులో ఉండాలని పెద్ద మెకానిక్‌లు చెబుతారు. వాళ్లు నేర్చుకున్నది పెట్రోల్‌లో సీసం కలిసే రోజుల్లో. 2000 సంవత్సరం నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. దానితో, ఇప్పుడు కలుస్తున్న ఇథనాల్‌తో ప్లగ్గు లేత రంగులోనే ఉంటుంది. పాలిపోయిన ప్లగ్గును చూసి భయపడక్కర్లేదు. సున్నపు తెలుపు, పింగాణీ మీద చిన్న పొక్కులు, అంచులు కరిగినట్టు ఉండటం, ఇవి భయపడాల్సినవి. చదవాలంటే కూడా పద్ధతుంది. కొత్త ప్లగ్గు వేసి ఒకే గీత దగ్గర మూడు నాలుగు కిలోమీటర్లు పోయి, క్లచ్ పట్టి అక్కడికక్కడే ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి తీసి చూడాలి. ఇంటిదాకా స్లోగా వచ్చి, వాకిట్లో రెండు నిమిషాలు ఆడించి తీసిన ప్లగ్గు స్లో రేజ్ గురించి తప్ప ఇంకేమీ చెప్పదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోట వచ్చే చీటీని మనం బీమా కాగితాల్లో దాచేస్తాం గానీ, అందులో రెండు అంకెలు పనికొస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ శాతం బాగా తక్కువగా ఉండి హైడ్రోకార్బన్‌లు బాగా ఎక్కువగా ఉంటే పెట్రోల్ కాలకుండా బయటికి పోతున్నట్టు, అంటే లీన్ మిస్సింగ్. పైపు లీక్‌లు పోయాకే ఈ పరీక్ష. లేకపోతే కలిసిన గాలి రెండంకెలనూ తగ్గించి చూపుతుంది. కాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండ్లకు ఈ చీటీ సాయం చేయదు.

పైపు కాకపోతే పెట్రోల్

ఒకే సమయంలో రెండు మార్పులు జరిగితే మనం మన చేత్తో చేసినదాన్నే నిందిస్తాం. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోల్‌లో సగటున 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోల్ కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని చోట్లకూ వచ్చింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు, గ్రాముకు 9 గ్రాములు. 10 శాతం కలిసిన పెట్రోల్‌కు 14.1 సరిపోతే, 20 శాతం కలిసినదానికి 13.5 చాలు. కార్బురేటర్‌కు ఇదేమీ తెలియదు, పాత లెక్కలోనే గాలి ఇస్తూ పోతుంది. ఏ పైపూ మార్చకుండానే మిశ్రమం సుమారు 4 శాతం పలచబడినట్టు. అంచున ఉన్న బీఎస్-4 బండిని తోయడానికి అది చాలు. మీ సైలెన్సర్ వేసిన నెలలోనే మీ బంకులో పెట్రోల్ మారి ఉండొచ్చు. పాత సైలెన్సర్ తిరిగి బిగించి చూస్తే తేలిపోతుంది. అందుకే దాన్ని పాత ఇనుము వాడికి అమ్మొద్దని అందరికీ చెబుతుంటాను.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. వానాకాలంలో కదలకుండా నిలబెట్టిన బండి ట్యాంకులో నీరు ఎక్కువైతే అది ఇథనాల్‌ను తీసుకుని అడుక్కి దిగుతుంది, ముందు కార్బురేటర్‌లోకి పోయేది అదే. అడుగున తుప్పు, ఫ్లోట్ గిన్నెలో బంక, మూసుకుపోయిన పైలట్ జెట్టు, ఇవన్నీ అచ్చం లీన్ లాగే కనిపిస్తాయి. జెట్టు పెద్దది కొనేముందు ఉన్నదాన్ని విప్పి, గాలి కొట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. పది పదిహేను కిలోమీటర్లు బాగా పోయి ఆ తర్వాత మిస్సింగ్ మొదలైతే ట్యాంకు మూత తెరవండి. హుష్షుమని గాలి పీల్చుకుంటే మూతలోని రంధ్రం పూడిపోయింది. ఆ బండికి కావాల్సింది ఒక సూది మొన.

అప్పుడు చోక్, ఆ తర్వాత స్క్రూ

ఇన్నీ చూశాక కూడా లోపం ఉంటే చోక్ పరీక్ష చేయండి. తడబడే గీత దగ్గరే రేజ్ పట్టుకుని చోక్ కొంచెం లాగాలి. బండి సర్దుకుంటే నిజంగానే పెట్రోల్ తక్కువైంది. ఇంకా కుంటితే చిక్కబడింది, మీరు ఇంతసేపూ వెతికింది వ్యతిరేక దిశలో. ఏ మార్పూ లేకపోతే మిశ్రమాన్ని వదిలి ప్లగ్గు, కాయిల్, ట్యాపెట్ సందు చూసుకోండి. వాల్వు సందు బిగుసుకున్నా పటపట వస్తుంది.

పెట్రోల్ తక్కువని తేలితే మొదట స్క్రూ. ఇక్కడ చాలామంది తడబడతారు. స్క్రూ కార్బురేటర్‌కు ఇంజిన్ వైపున ఉంటే అది మిశ్రమాన్ని వదిలేది, బయటికి తిప్పితే చిక్కబడుతుంది. ఫిల్టర్ వైపున ఉంటే అది గాలిని వదిలేది, బయటికి తిప్పితే పలచబడుతుంది. ఒకటనుకుని ఇంకొకటి తిప్పితే ఉన్న జబ్బు ముదురుతుంది. ముందు మెల్లగా లోపలికి పూర్తిగా తిప్పి ఎన్ని చుట్లున్నాయో రాసుకోండి, గట్టిగా ఒత్తకండి, మొన పాడవుతుంది. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పి, ఇంజిన్ బాగా వేడెక్కాక అర చుట్టు అర చుట్టుగా మార్చండి. ఇంజిన్ వైపు స్క్రూ మూడు చుట్లు దాటినా సరిపోకపోతేనే పైలట్ జెట్టు ఒక సైజు పెంచాలి. సూది క్లిప్పు ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేచి మధ్య రేజ్ చిక్కబడుతుంది. మెయిన్ జెట్టు కూడా ఒక్క సైజే. ప్రతిసారీ ఒకటే, ప్రతిదీ నోటుబుక్కులో తేదీతో.

ఇంజెక్షన్ బండ్లకు ఈ స్క్రూలు లేవు. క్లాసిక్ 350 కూడా 2020 జనవరి నుంచి ఇంజెక్షనే. వాటిలో బెండ్ పైపు మీద ఆక్సిజన్ సెన్సర్ కాపలా ఉంటుంది. దానికి ముందు లీక్ ఉంటే బయటి గాలిని చూసి అది లీన్ అని కబురు పంపుతుంది, బండి కంప్యూటర్ (ఈసీయూ) పెట్రోల్ పెంచేస్తుంది. చప్పుడు లీన్‌ది, మైలేజీ పడిపోవడం చిక్కటి మిశ్రమానిది, రెండూ ఒకే బండిలో. సెన్సర్‌కు రంధ్రమే లేని పైపు వేసి దాన్ని పక్కన వేలాడదీసిన బండ్లూ ఉన్నాయి. అది ఎప్పుడూ గాలినే చూస్తుంది, అదనపు పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లకు స్కానర్ పెట్టించి ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత సవరిస్తోందో, చూడమనండి. 10 శాతం పైన ప్లస్‌లో నిలబడినా, పీ0171 కోడ్ ఉన్నా లీన్ కబురు వెళ్లినట్టు. అప్పుడు కూడా మొదటి అనుమానం జాయింట్ మీదే.

పైపు ఉంచాలా తీయాలా అన్నదానికి నా సమాధానం ఒకటే. పాత సైలెన్సర్ తుప్పుపట్టి మారిస్తే అదే కొలతల, అదే కన్వర్టర్ ఉన్నదాన్ని వేయండి. చప్పుడు కోసం వేసింది తీసేయండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు భిన్నమైన మార్పులను ఒప్పుకోదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించడం తెలంగాణలో పలుసార్లు జరిగింది. కష్టపడి కొన్న వస్తువు అలా పోకూడదు. నైట్ షిఫ్టు చేసి పగలు నిద్రపోయే కార్మికులున్న కాలనీలో ఆ చప్పుడు ఎవరి నిద్ర తింటుందో కూడా తలచుకోవాలి.

అసలు సైలెన్సర్ తిరిగి వేసేటప్పుడు కూడా కొత్త ప్యాకింగే. పైపు కోసం మార్చిన స్క్రూ, సూది, జెట్టు అన్నీ నోటుబుక్కు చూసి పాత అంకెకు తేవాలి, లేకపోతే ఇప్పుడు బండి నల్లపొగ కక్కుతుంది. కొత్త ప్యాకింగ్ నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారేసరికి కొద్దిగా అణుగుతుంది. వారం తర్వాత ఒక పొద్దున, బండి స్టార్ట్ చేయకముందే, రెండు నట్లనూ పానాతో మళ్లీ ఒకసారి సరిచూడండి.